మా తోడికోడలి నాలుగు క్రెడిట్లు

నా డెబ్బై ఎనిమిది మార్కులకు యూనివర్సిటీ ఏమీ ఇవ్వలేదు. మా తోడికోడలి నలభై తొమ్మిదికి నాలుగు క్రెడిట్లు ఇచ్చింది. ఆ సంగతి చెప్పే రెండు ఉత్తరాలూ ఒకే రోజున, ఒకే పోస్ట్‌మాన్ చేతి మీదుగా, నెల్లిమర్లలో మా గుమ్మంలోకి వచ్చాయి. సంతకం పెట్టి రెండూ నేనే తీసుకున్నాను. నాది ముందు చింపాను. తర్వాత ఆమెది కూడా చింపాను. పరాయి ఉత్తరం చింపకూడదని నాకు తెలుసు. ఇంటిపేరు ఒకటే కాబట్టి పొరపాటున చింపానని చెప్పుకోవచ్చన్న సంగతి కూడా తెలుసు.

రాష్ట్రం విడిపోతుందని బందుల మీద బందులు జరిగిన ఏడాది అది. మేమిద్దరం మా ఊళ్లోనే ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేవాళ్లం. నాకు నలభై దాటాయి, అయిదో తరగతి నాది. ఆమెకు ముప్పై నిండలేదు, మూడో తరగతి ఆమెది. పై తరగతులకు సోషల్ చెప్పే మేడమ్ మోకాళ్ల నొప్పులతో మేడమెట్లు ఎక్కలేక, ఇంకొక్క ఏడాది చూసి మానేస్తానంది. ఆ చోటు కోసం నేను పన్నెండేళ్లుగా చూస్తున్నాను. అది జీతం గురించి కాదు. పెరిగే జీతం ఒక చీరకు సరిపోతుందేమో. పదో తరగతి పిల్లలకు చరిత్ర చెప్పాలని నాకు కోరిక. అయిదో తరగతిలో చరిత్రంటే బొమ్మలకు రంగులు వేయించడమే.

మా కరస్పాండెంట్ మమ్మల్నిద్దర్నీ పిలిచి ఒక్కటే మాట చెప్పాడు. "ఇన్‌స్పెక్షన్ వాళ్లు డిగ్రీ అడుగుతున్నారమ్మా. బి.ఎడ్. సంగతి తర్వాత చూద్దాం. మీ ఇద్దరిలో ఎవరి డిగ్రీ ముందొస్తే వాళ్లకే పై తరగతులు."

ఇద్దరివీ ఆగిపోయిన చదువులే. నేను శ్రీకాకుళంలో బి.ఏ. రెండేళ్లు చదివి, మూడో ఏడాది పుస్తకాలు కొనుక్కున్న నెలలో పెళ్లి చేసుకున్నాను. పెళ్లయ్యాక చదివిస్తామన్నారు. ఆ మాట అన్న మావగారు పోయి పదేళ్లయింది. ఆమె రాజాంలో నాలుగు సెమిస్టర్లు చదివి, అయిదోది సగంలో ఉండగా మా మరిదిని చేసుకుంది. చూడండి, నావి రెండేళ్లు, ఆమెవీ రెండేళ్లు. నా మార్కుల జాబితాలో అరవై ఐదుకు తక్కువ అంకె లేదు. ఆమె జాబితాలో అరవై ఐదుకు ఎక్కువ అంకె లేదు. ఈ లెక్క మూడో తరగతి పిల్లలు కూడా చేస్తారనుకున్నాను.

యూనివర్సిటీ చేసే లెక్క వేరు. దూరవిద్యలో చేరేవాళ్లు మునుపు ఇంకో కాలేజీలో పాసైన పేపర్లుంటే, అవి మళ్లీ రాయనక్కర్లేదు. వాటికి బదులు క్రెడిట్లు ఇస్తారు. వారానికి ఎన్ని గంటలు పాఠం విన్నామో దాన్నిబట్టి క్రెడిట్లు. పాత సిలబస్సు పక్కన తమ సిలబస్సు పెట్టి చూసి, నాలుగింట మూడు వంతులు కలిస్తే ఒప్పుకుంటారు, లేకపోతే తోసేస్తారు. ఒప్పుకున్న పేపరుకు పాత మార్కులు మాత్రం వేయరు. కొత్త జాబితాలో దాని ఎదురుగా 'బదిలీ' అని ఉంటుంది, అంతే. ముప్పై ఆరుతో గట్టెక్కినా, తొంభైతో వెలిగినా అదే మాట. నాకు ఒళ్లు మండిన మొదటి చోటు అది. నా మార్కులు చెరిపేస్తే చెరిపారు, ఆమె తక్కువ మార్కుల్ని దాచిపెట్టి ఆమెకు మేలు చేయడం ఎందుకు?

సిలబస్సు కోసం నేను పడ్డ పాట్లు చెప్పాలి. పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి ఆమదాలవలసలో దిగి, అక్కణ్నుంచి ఆటోలో శ్రీకాకుళం, మా పాత కాలేజీకి వెళ్లాను. ఇరవై ఏళ్ల కిందటి సిలబస్సు కావాలంటే ఆఫీసులో గుమాస్తా నన్ను కింద నుంచి పైకి చూశాడు.

"పిల్లకా, మీకా అమ్మా?"

"నాకే. ఏం, నేను చదువుకున్నట్టు కనబడట్లేదా?"

"అబ్బే, అనలేదమ్మా," అని లైబ్రరీకి పంపాడు.

లైబ్రరీలో ఏ ఏడాది సిలబస్సు ఆ ఏడాది బైండు చేసి అడుగు బీరువాలో పెట్టారు. మా ఏడాదిది దొరికింది. ఎకనామిక్స్ ఉంది. పాలిటిక్స్ ఉంది. చరిత్ర ఉండాల్సిన చోట పేజీల అంచులు మాత్రం ఉన్నాయి. మధ్యదంతా చెదలు తినేసింది. అక్షరం మిగల్లేదు. చెదలుకు కూడా చరిత్రే రుచించిందా అని అక్కడే నేలమీద కూర్చున్నాను. అటెండరు జాలిపడి పాత ప్రశ్నపత్రాల కట్ట తెచ్చి ఇచ్చాడు. మా బ్యాచ్‌వి, ముందూ వెనకా ఏళ్లవి, ఆంధ్రుల చరిత్ర పేపర్లు ఆరు దొరికాయి. వాటికే ప్రిన్సిపాల్ చేత ఆకుపచ్చ సిరాతో సంతకం, గుండ్రటి ముద్ర వేయించుకున్నాను. ప్రశ్నలు చూస్తే ఏం చెప్పారో తెలియదా? తెలివున్నవాళ్లకు తెలుస్తుందనుకున్నాను.

మా తోడికోడలికి ఇవేవీ లేవు. వాళ్ల కాలేజీ సిలబస్సు అచ్చు పుస్తకం. ప్రతి పేపరు పక్కన గంటలు, క్రెడిట్లు ముందే వేసి ఉన్నాయి. వాళ్ల తమ్ముడు రాజాంలో తీసుకుని బస్సు కండక్టరు చేతికిచ్చి పంపితే, ఆమె విజయనగరం బస్టాండులో అందుకుంది. ఒక గంట పని. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, మా ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న బీరువాలో, నా అర మీద పెట్టింది. తన అర నిండిపోయిందట.

ఉత్తరాల్లో ఉన్నది ఇదీ. మూడో ఏడాదిలో చేరడానికి కావలసినన్ని క్రెడిట్లకు నాకు సరిగ్గా నాలుగు తగ్గాయి. ఆంధ్రుల చరిత్రకు సిలబస్సు జతచేయలేదు, ప్రశ్నపత్రాలు సిలబస్సు కావు. కాబట్టి నేను రెండో ఏడాదిలో చేరి, ఉన్న ఆ ఒక్క పేపరూ రాసి, ఆ తర్వాతే మూడో ఏడాదికి వెళ్లాలి. ఆమె నేరుగా మూడో ఏడాది. అంటే ఆమె డిగ్రీ నాకంటే ఒక ఏడాది ముందొస్తుంది. మర్నాడే ఫీజు కట్టి చేరిపోయింది కూడా.

మా అత్తగారు జనపనార మిల్లు కార్మికుడి భార్య. నలభై ఏళ్లు మిల్లు కూత విని లేచిన మనిషి. చదువుకోలేదు గానీ ఎక్కడ గిల్లాలో తెలుసు.

"అయితే సిన్నది మూడో ఏడు, పెద్దది రెండో ఏడూనా? మరింక సిన్నదే పెద్దదయిపోనాది కదేటే," అంది, చేపలు తోముతూ.

"మీరు ఆ చేపలేవో చూసుకోండి అత్తా."

"సూస్తన్నాను. దీనికీ పొట్టలో ఏదో ఉన్నాది."

మా తోడికోడలు నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు సుఖంగా ఉండేది. "అక్కా, నువ్వూ ఎల్లి అడుగు. నీయన్నీ మంచి మార్కులు కదా," అంది. ఆ జాలి చూశాక ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు.

నాలుగు రోజుల తర్వాత, బందు వల్ల బడి లేదు. ఆమె ముందు రోజే పుట్టింటికి వెళ్లింది. నా చీరలు సర్దుకుంటుంటే ఆమె కవరు నా కాళ్లమీద పడింది. పడిందని రాస్తున్నాను గానీ, నేను లాగితేనే పడింది. విప్పి ఆమె సిలబస్సు చదివాను. యూనివర్సిటీ ఏ పేపరుకు ఆంధ్రుల చరిత్ర క్రెడిట్లు ఇచ్చిందో వెతికాను. ఆ పేపరు పేరు 'ఆంధ్రప్రదేశ్: పర్యాటకం, చారిత్రక స్థలాలు.' లోపల ఏముందంటారా? అతిథిని ఎలా ఆహ్వానించాలి, బస్సు టూరు ఎలా వేయాలి, వసతి గృహాల్లో రకాలు, గైడు గొంతు ఎలా ఉండాలి. చివరి యూనిట్‌లో నాలుగు కోటలు, మూడు గుళ్లు. అంతే. శాతవాహనులు లేరు. జమీందారీ లేదు. పైన 'చారిత్రక' అన్న మాట చూసి ఎవరో అలవాటు చొప్పున టిక్కు పెట్టేశారు.

నాకు వెర్రి ఆనందం వచ్చింది. ఆమెది పోగొడదామని కాదు, ఒట్టు. ఆ చెత్త పేపరుకే చరిత్ర ఇచ్చినప్పుడు, చరిత్రే చదివి డెబ్బై ఎనిమిది తెచ్చుకున్న నాకు ఇవ్వకుండా ఎలా తప్పించుకుంటారో చూద్దామని. నేను వాదిస్తే మా ఆయన మంచం కింద చెప్పులు వెతుక్కుంటాడు. ఒక గుమాస్తా ఎంత? మర్నాడు కొట్లు తెరిచాక, స్టేషన్ రోడ్డులో ఆ కవరులోనే ఉన్న ఆమె ఉత్తరమూ, ఆ సిలబస్సు పేజీలూ జిరాక్సు తీయించి, కవరు ఎలా ఉన్నదో అలాగే పెట్టేశాను.

యూనివర్సిటీలో క్రెడిట్లు చూసే సెక్షన్ మేడమీద ఉంది. సూపరింటెండెంట్ గారు పెద్దాయన. కళ్లజోడు తాడుకు కట్టుకుని మెడలో వేసుకున్నాడు. మర్యాదస్తుడు. మర్యాదస్తులతో వాదించడం కష్టం.

"కూర్చోండమ్మా. మీ చరిత్ర పేపరుకు సిలబస్సు లేదు. లేనిది దేంతో పోల్చమంటారు?"

"చెదలు తినేస్తే నా తప్పా సార్?"

"మీ తప్పు కాదమ్మా. మా తప్పూ కాదు కదా."

"ఆరేళ్ల ప్రశ్నపత్రాలు పెట్టాను. అందులో మీ సిలబస్సంతా కనబడుతుంది."

"ప్రశ్నపత్రంలో ఏం అడిగారో ఉంటుంది. ఎన్ని గంటలు చెప్పారో ఉండదు."

"ఎన్ని గంటలు చెప్పారో నేను చెబుతాను. వారానికి ఆరు. మా సార్ ఒక్కరోజు మానలేదు, జ్వరంతో కూడా చెప్పారు."

ఆయన నవ్వాడు. "ఆ జ్వరం రాసిన కాగితం ఉందా అమ్మా?"

అప్పుడు తీశాను జిరాక్సులు. ఆయన బల్లమీద ఒక్కొక్కటే పరిచాను. "ఇది చూడండి. ఈవిడ చదివింది హోటళ్ల గురించి. మీరు ఆంధ్రుల చరిత్ర కింద నాలుగు క్రెడిట్లిచ్చారు. నలభై తొమ్మిది మార్కులు ఆవిడకి. దీన్ని ఒప్పుకున్నవాళ్లు నాది ఒప్పుకోరా? ఇదేం న్యాయం? కాగితాలు చూసి మీరే చెప్పండి." నా వినతిపత్రం కూడా రాసుకెళ్లాను, రెండు పేజీలు, అందులో ఆమె దరఖాస్తు నంబరు సహా అన్నీ ఉన్నాయి.

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. సిలబస్సు మొదటి పేజీ చదివాడు, రెండోది చదివాడు. గైడు గొంతు దగ్గర ఆగి మళ్లీ చదివాడు. నేను గెలిచాననుకున్నాను.

"నిజమేనమ్మా," అన్నాడు. "ఇది తప్పే. ఇలా ఇవ్వకూడదు. చూపించి మంచి పని చేశారు." పక్కన కూర్చున్న అమ్మాయికి కాగితాలన్నీ అందించాడు. ఆమె టప్‌మని ముద్ర వేసి నంబరు రాసింది.

"అంటే నాకు ఇస్తున్నట్టేనా సార్?"

"మీకు ఎలా ఇస్తామమ్మా? ఆవిడది తీసేస్తాం."

"వద్దులెండి. ఆ కాగితాలు ఇచ్చేయండి," అని చేయి చాపాను.

"ఇన్‌వర్డ్ నంబరు పడిపోయిందమ్మా," అంది ఆ అమ్మాయి, నా వైపు చూడకుండానే. ఆఫీసులో ఒక కాగితానికి ఆ నంబరు పడితే ఇంక అది మనది కాదు. నేను ఆ బల్లమీదకు వంగి, ఆ కాగితం కొస పట్టుకుని, "నేను పొరపాటున ఇచ్చాను" అన్నాను. ఆయన నా వేళ్ల కింద నుంచి మెల్లగా దాన్ని లాగి ఫైలులో పెట్టాడు. మర్యాదగానే.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని నన్ను నేను బాగా తిట్టుకున్నాను. అయితే నిజం రాయాలి కదా. కొత్తవలస దాటేసరికి తిట్టడం అయిపోయింది. విజయనగరం వచ్చేసరికి, ఆమెకు కూడా నాలుగు తగ్గితే ఇద్దరం రెండో ఏడాదిలోనే ఉంటాం కదా అన్న ఆలోచన వచ్చింది. నెల్లిమర్లలో దిగేటప్పుడు నా నడక తేలిగ్గా ఉంది. ఇంటికొచ్చి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ వారమంతా ఆమె గిన్నెలు కూడా నేనే తోమాను. "పెద్దకోడలికి ఒంట్లో బాగునేదేటి?" అని మా అత్తగారు మా ఆయన్ని అడిగిందట.

ఆమెకు ఉత్తరం శనివారం వచ్చింది. ఈసారి పోస్ట్‌మాన్ వచ్చేసరికి నేను బడిలోనే ఉన్నాను. శనివారాలు మూడో తరగతి వరకు ఒంటిపూటే కాబట్టి ఆమె ముందే ఇల్లు చేరింది. ఇంటికొచ్చి చూస్తే, ఆమె వరండాలో నిలబడి ఆ కాగితం పట్టుకుని ఉంది. మా అత్తగారు బియ్యం ఏరుతూ, "ఏటన్నాడే ఆ ఉత్తరపోడు? పైకి సదువు," అంటోంది.

ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. ఆమె చదువుతూ తెలుగులో చెప్పింది. "నా చరిత్ర పేపరు చెల్లదన్నారత్తా. పొరపాటున ఇచ్చినారంట. నేను ముందే చేరిపోనాను కాబట్టి మూడో ఏడాది నుంచి తియ్యరంట. కానీ ఆ పేపరు కూడా ఈ ఏడే రాసి పాసవ్వాలంట. పోతే డిగ్రీ ఇవ్వరు."

ఆమెను తియ్యలేదు! చేరకముందు నాలుగు తగ్గితే రెండో ఏడాది. చేరాక నాలుగు తగ్గితే మూడో ఏడాదే. వాళ్లు చేసిన తప్పు ఆమెకు హక్కు అయి కూర్చుంది. నేను అక్కడ చెప్పులు విప్పుతూ ఇదే ఆలోచిస్తున్నాను. పైనుంచి పడబోయే దాని గురించి ఆలోచించలేదు.

సర్కారు ఉత్తరాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. అసలు సంగతికి ముందు 'సూచిక' అని ఉంటుంది. ఏ కాగితాన్ని చూసి ఈ ఉత్తరం రాశారో, ఎవరు ఏ తేదీన ఇచ్చారో వరుసగా. ఇంగ్లీషులో అయితే 'రెఫ్' అని మూడక్షరాలు, చుక్క, ఒకటి, రెండు. ఎవరూ చదవరు దాన్ని. ఆమె చదివింది. సూచిక ఒకటి, ఆమె దరఖాస్తు. సూచిక రెండు, శ్రీమతి ఫలానా గారు స్వయంగా సమర్పించిన వినతి. ఫలానా అంటే నేను. పూర్తి పేరు, ఇంటిపేరు, మా డోర్ నంబరుతో సహా.

ఆమె కాగితం నుంచి తలెత్తి నన్ను చూసింది.

"అక్కా, నువ్వెల్లినావా?"

"నా పేపరు గురించి వెళ్లాను. నీ గురించి కాదు."

"నా నంబరు నీకెలాగ తెలిసినాది?"

నేను వాదించడం మొదలుపెట్టాను. నా అలవాటు అదే, ఎదుటివాళ్లది నిజమని తెలిసినప్పుడే నా గొంతు పెరుగుతుంది. తప్పు యూనివర్సిటీదన్నాను. తప్పు ఇవాళ కాకపోతే రేపు బయటపడేదన్నాను. డిగ్రీ వచ్చాక పట్టుకుంటే మొత్తం పోయేది, నీ మంచికే అయిందన్నాను. ఆ చివరి మాట నోట్లోంచి వచ్చాక నాకే సిగ్గేసింది.

మా అత్తగారికి విషయం అర్థమయ్యేసరికి చేట కింద పెట్టింది. "ఓలమ్మో! ఇంటిదాని మీద ఆపీసులో పితూరీ సెప్పి వచ్చినావేటే? పెద్దదానివి, నీకిది తగునా?"

"పితూరీ కాదు అత్తా. పోలిక చూపించాను."

"ఏదైతేనేటి, దాని కంట్లో నీళ్లొచ్చినాయి."

నిజానికి ఆమె కంట్లో నీళ్లు రాలేదు. ఉత్తరం నాలుగు మడతలు పెట్టింది. లోపలికి వెళ్లబోతూ ఆగింది.

"నీకు డెబ్బై ఎనిమిది వచ్చినాయి కదా, అక్కా?"

"వస్తే?"

"అయితే నువ్వే సెప్పు నాకు ఆ పేపరు. నాకేటి తెల్దు. నాకు హోటళ్లే తెలుసు."

తిట్టి ఉంటే తిట్టేదాన్ని. మరిదితో చెప్పి వేరు కాపురం పెడతానని ఉంటే సరే పొమ్మనేదాన్ని. పాఠం చెప్పమంటే విప్పిన చెప్పుల్ని మళ్లీ సర్దాను. మా అత్తగారు చేట మళ్లీ అందుకుని, "సెప్పు మరి. నోరున్నాది కదా," అంది.

అలా రోజూ బడి నుంచి వచ్చాక, టీ తాగి, వరండాలో చాప మీద కూర్చునేవాళ్లం. నేను కూడా ఆ పేపరే రాయాలి, రెండో ఏడాదిలో. పుస్తకం ఒకటే. ఆమె నిజంగానే ఏమీ తెలియనిది. మొదటి రోజు శాతవాహనుల్ని, చాళుక్యుల్ని కలిపేసింది. నేను లోపల సంతోషించి, పైకి విసుక్కున్నాను. అయితే ఆమెకు ఒక పాడుగుణం ఉంది. ఒకసారి చెబితే మర్నాడు అప్పజెప్పేస్తుంది. పదిహేను రోజులకు నాకు భయం పట్టుకుంది. నేను మొదటిసారి చదివినప్పుడు అంత తొందరగా వచ్చిందా నాకు? గుర్తులేదు. గుర్తున్నట్టు చెప్పుకున్నాను.

అయిదో యూనిట్ జమీందారీ, రైత్వారీ పద్ధతులు. పెద్దది, తలనొప్పి. మా సార్ జ్వరంతో చెప్పింది అదే. పరీక్షలో అది వదిలితే ఇరవై మార్కులకు దెబ్బ. ఆ సాయంత్రం నేను నాలుగో యూనిట్ ముగించి, పుస్తకంలో పేజీలు గబగబా తిప్పి ఆరోదాంట్లో ఆగాను.

"అయిదోది?" అంది.

"అది రాదులే. పరీక్షలో ఇవ్వరు. దండగ."

ఈ మాట రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. పిల్లలకు పాఠం చెప్పి బతికేదాన్ని, కావాలని ఒక పాఠం దాచాను. అక్కడితో ఆమె పోతుందని కాదు, తగ్గుతుందని. తగ్గితే చాలనిపించింది.

ఆమె లేచి లోపలికి వెళ్లి, బీరువాలోంచి ఒక కట్ట తెచ్చి చాప మీద పెట్టింది. నేను శ్రీకాకుళం నుంచి తెచ్చుకున్న పాత ప్రశ్నపత్రాలు. యూనివర్సిటీకి జిరాక్సులే పంపాను, ఇవి ఆకుపచ్చ సంతకంతో ఉన్న అసలువి. నా అరలోంచే తీసింది. అది తన అర కాదని అనడానికి నాకు నోరు రాలేదు.

"మరి ఇందులో ఆరేళ్లలో అయిదుసార్లు వచ్చినాదేటక్కా?" అంది. గొంతులో కోపం లేదు. ఒక్కొక్క పేపరూ తిప్పి, ప్రశ్న మీద వేలు పెట్టి చూపించింది. "ఇది నువ్వు రాసిన పేపరు కాదేటి? దీని పక్కన నువ్వే టిక్కు పెట్టుకున్నావు సూడు."

కట్టలోని ఆ ఒక్కటీ నా సొంతది, పరీక్ష హాల్లోంచి తెచ్చుకున్నది. ట్రంకు పెట్టెలో దొరికితే మిగతా వాటితో కలిపాను. నా ఇరవై ఏళ్ల వయసు టిక్కు, నీలం సిరా, ఆ ప్రశ్న పక్కన ఉంది.

నేను పుస్తకం వెనక్కి తిప్పాను. కోపంతో చెప్పాను ఆ పాఠం. అంత బాగా నేను ఏ పాఠమూ చెప్పలేదు, ముందూ తర్వాతా. "విను. జమీందారీ అంటే ఏమిటి? ఇదిగో, ఈ ఇల్లు. పైన సర్కారుంది. దానికి మన గొడవ అక్కర్లేదు, దానికి రావలసింది ఇన్నని ఎప్పుడో కట్టేసింది. మధ్యలో అత్తగారు. మన ఇద్దరి చేత ఎంత చాకిరీ పిండుకుంటుందో సర్కారు అడగదు. పిండుకున్నదాంట్లో సర్కారుకు ఇవ్వాల్సింది ఇచ్చి మిగతాది ఆవిడ ఉంచుకుంటుంది. రైత్వారీ అంటే మధ్యలో అత్తగారు లేదు. నువ్వూ సర్కారూ ఎదురెదురు. సుఖమేనా? కాదు. ఇప్పుడు కొట్టడానికి సర్కారే నేరుగా వస్తుంది."

ఆమె పడీ పడీ నవ్వింది. లోపల్నుంచి మా అత్తగారు, "నన్నేటి పాఠంలో ఎట్టేస్తన్నారేటే? నానేటి పిండుకున్నాను మీ దగ్గర?" అని అరిచింది. నేనూ నవ్వాను. ఆ పది నిమిషాలూ నాకు ఆమె మీద అసూయ లేదు. తర్వాత ఆమె ఆ రెండు పద్ధతుల తేడాను ఒక్క తడబాటు లేకుండా అప్పజెప్పింది, అసూయ మళ్లీ వచ్చేసింది.

పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. ఇద్దరం రాశాం, ఒకే హాలు, ఆమె నా ముందు రెండు బల్లల అవతల. అదనపు కాగితాలు అడిగింది. నేను అడగలేదు.

ఆ పేపరులో నాకు డెబ్బై ఒకటి. ఆమెకు ఎనభై మూడు.

ఇంకా ఉంది. ఆమె పాత పేపర్లన్నిటి ఎదురుగా 'బదిలీ' అనే ఉంది కదా, వాటి మార్కులు సరాసరిలోకి రావు. మూడో ఏడాది రాసినవి మాత్రమే వస్తాయి. వాటిలో ఆమెకు యాభైలూ అరవైలూ. వాటితో ఫస్ట్ క్లాసు రాదు. ఈ ఎనభై మూడు కలిశాక సరాసరి ఫస్ట్ క్లాసు గీత దాటింది. నేను మేడ ఎక్కి వాదించకపోయి ఉంటే ఆ పేపరు కూడా 'బదిలీ' అయ్యేది, ఆమె సెకండ్ క్లాసులో ఉండేది. ఈ లెక్క నేను మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే వచ్చింది.

విజయనగరం నుంచి మిఠాయి పొట్లం తెచ్చి, మా అత్తగారికంటే ముందు నాకు పెట్టింది. "నువ్వు ఎల్లి సెప్పకపోతే నాకీ ఫస్ట్ క్లాసు వచ్చీదా, అక్కా?" అంది. అది కృతజ్ఞతో, ఎత్తిపొడుపో ఆ రోజు తెలియలేదు, ఇవాళా తెలియదు. అడిగితే చెబుతుంది. నేను అడగను.

జూన్‌లో పై తరగతులు ఆమెకు ఇచ్చారు. నా డిగ్రీ ఆ మరుసటి ఏడాది వచ్చింది, అప్పటికి చోటు లేదు. బడి మేడమీద నా అయిదో తరగతికీ ఆమె పదో తరగతికీ మధ్య ఉన్నది ప్లైవుడ్ చెక్క. అవతల మాట్లాడితే ఇవతల వినిపిస్తుంది. ఒకరోజు మా పిల్లలకు భాగహారాలు ఇచ్చి కూర్చున్నాను. అవతల్నుంచి ఆమె గొంతు వచ్చింది.

"ఇంట్లో అత్తగారుంటుంది కదా. పైన సర్కారు. మధ్యలో అత్తగారు..."

పదో తరగతి పిల్లలు గొల్లున నవ్వారు. నేను ఎక్కడ నవ్వుతారనుకున్నానో సరిగ్గా అక్కడే నవ్వారు. సర్కారు నేరుగా కొట్టడానికి వచ్చేచోట ఆగి, నేను ఆగినంతసేపే ఆగి, అప్పుడు చెప్పింది. మళ్లీ నవ్వు. సుద్దముక్క పట్టుకుని నేను చెక్క దగ్గరకు జరిగాను. ఇది మా అక్క చెప్పిందర్రా అని ఒక్క మాట అంటుందేమోనని విన్నాను. పాఠం అయిపోయింది. గంట కొట్టారు. ఆ మాట అనలేదు.

"టీచర్, రెండో లెక్క అయిపోయింది," అంటున్నారు నా పిల్లలు, చాలాసేపటి నుంచి.